70 వేలలో బీటెక్ ల్యాప్‌టాప్: సోల్డర్ చేసిన 16 జీబీ ర్యామా, స్లాట్ ఖాళీ ఉన్న 8 జీబీనా?

గోదారిగట్టు
చెల్లి సీఎస్‌ఈలో చేరుతోంది. కాలేజీ ఘట్‌కేసర్ వైపు, హాస్టల్లో ఉంటుంది. మేముండేది తణుకు. బడ్జెట్ 70 వేలు, లాగితే 75. రెండింటి దగ్గర ఆగాం.

ఒకటోది: ఐ5-1335యూ ప్రాసెసర్, 16 జీబీ ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ (మదర్‌బోర్డుకే సోల్డర్, తీసి మార్చలేం), 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 14 అంగుళాలు 16:10, స్క్రీన్ వెలుగు 300 నిట్స్, రంగులు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, 57 వాట్-అవర్ బ్యాటరీ, 1.4 కేజీలు. 66 వేలు.

రెండోది: ఐ5-13420హెచ్, 8 జీబీ డీడీఆర్5 ర్యామ్ ఒకటే స్టిక్కు, పక్కన ఒక స్లాట్ ఖాళీ, 512 జీబీ, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 15.6 అంగుళాలు, 250 నిట్స్, రంగులు 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 50 వాట్-అవర్ బ్యాటరీ, 2.3 కేజీలు. 71 వేలు.

షాపులో రెండోదే తీసుకోమంటున్నారు. గ్రాఫిక్స్ కార్డుంది, ర్యామ్ ఎప్పుడైనా వేయించుకోవచ్చు అని. ఒకటోదాంట్లో ఎప్పటికీ 16 దాటదు కదా, అదే నా బెంగ.

స్క్రూడ్రైవర్
తర్వాత మార్చుకోగలిగేవి వేరు, కొన్నరోజే తేలిపోయేవి వేరు. ఎస్‌ఎస్‌డీ, స్లాట్‌లో ఉన్న ర్యామ్, బ్యాటరీ మారతాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్, కూలింగ్, బరువు, పోర్టులు మారవు. స్క్రీన్ కూడా మారదనే అనుకోండి. చేతిలో ఉన్న డబ్బు ముందు మారనివాటి మీద పెట్టాలి.

మీ రెండోదాంట్లో వదిలించుకోలేనివి ఆ మసక స్క్రీను, ఆ బరువు. ఒకటోదాంట్లో వదిలించుకోలేనిది 16 జీబీ పరిమితి. సీఎస్‌ఈకి నాలుగేళ్లూ 16 చాలుతుందా అన్నదొక్కటే తేల్చుకోవాలి. చాలుతుందని నా అభిప్రాయం. ఒకటోది తీసుకోండి.

పాలమూరు_పిలగాడు
నేనైతే ఒప్పుకోను అన్నా. 1335యూల పెద్ద కోర్లు రెండే, చిన్నవి ఎనిమిది. 13420హెచ్‌ల పెద్దవి నాలుగు, చిన్నవి నాలుగు. రెండింటికీ 12 థ్రెడ్లే, కానీ మొదటిదాని బేస్ పవర్ 15 వాట్లు, రెండోదానిది 45. పెద్ద ప్రాజెక్టు కంపైల్ పెట్టినంక ఐదు నిమిషాలకు తేడా కనవడ్తది. పైన ఎన్విడియా కార్డు, మెషీన్ లెర్నింగ్ సబ్జెక్టుకు కూడా అక్కరకొస్తది. రెండోదే తీస్కో.

లినక్స్_లక్ష్మి
పిలగాడు చెప్పిన కోర్ల లెక్క నిజమే, కానీ 8 జీబీతో ఆ కోర్లు పని చేయడానికే ఉండదు. విండోస్ 11 బూట్ అయి ఊరికే కూర్చుంటేనే దగ్గర దగ్గర 4 జీబీ తీసుకుంటుంది. బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు, వీఎస్ కోడ్ తెరిస్తే ఇంకో రెండు జీబీ. ఆండ్రాయిడ్ స్టూడియోని ఎమ్యులేటర్‌తో (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) నడపాలంటే 16 లేకుండా దిగొద్దు. డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపేది) మామూలుగా మొత్తం ర్యామ్‌లో సగం దాకా వాడుకునేలా సెట్టయి ఉంటుంది, డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే టూల్) కూడా దాని మీదే నడుస్తుంది. ర్యామ్ చాలకపోతే విండోస్ ర్యామ్ బదులు దానికన్నా నెమ్మదైన ఎస్‌ఎస్‌డీని పేజ్ ఫైల్‌గా వాడుతుంది. అప్పుడు ప్రాసెసర్ ఎంత గట్టిదైనా ఖాళీగా ఎదురుచూస్తూ ఉంటుంది.

రెండోది కొంటే ఆ రోజే ఇంకో స్టిక్కు వేయించాలి. "ఎప్పుడైనా" కాదు.

ర్యామ్‌బాబు
ఆ ఇంకో స్టిక్కు ధర ఈ రోజు ఎంతుందో అడిగి, 71కి కలిపి, అప్పుడు పోల్చండి. "8తో కొను, తర్వాత చవగ్గా వేసుకో" అన్న సలహా చాలా ఏళ్లు సరైనదే. 2025 చివరి నుంచి లెక్క మారిపోయింది. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ప్రపంచానికి మెమరీ చేసి పెట్టేది ప్రధానంగా ఈ ముగ్గురే. ఏఐ సర్వర్ల గిరాకీ చూసి ఉత్పత్తిని అటు తిప్పారు. మనం వేసుకునే స్టిక్కుల ధర విపరీతంగా పెరిగింది. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రూషల్ బ్రాండు రిటైల్ వ్యాపారం మానేస్తున్నట్టు ప్రకటించింది కూడా. ఫ్యాక్టరీ నుంచి 16తో వచ్చే మెషీనే ఇప్పుడు చవక పడుతోంది.

హాస్టల్_నైట్
ర్యామ్ గురించి ర్యామ్‌బాబు గారే చెప్పాలి, ఇంకెవరు చెప్తారు 😀

బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. బ్రౌజింగ్, కోడ్ ఎడిటర్, వైఫై ఆన్‌లో ఉంటే యూ సిరీస్ (పేరు చివర యూ ఉండే తక్కువ పవర్ ప్రాసెసర్) 14 అంగుళాల మెషీన్ సగటున 7, 8 వాట్లు లాగుతుంది. 57ని 8తో భాగిస్తే ఏడు గంటలు. గ్రాఫిక్స్ కార్డున్న హెచ్ సిరీస్ మెషీన్ అదే పనికి 12 నుంచి 15 వాట్లు. 50ని 13తో భాగిస్తే నాలుగు గంటల లోపు. ల్యాబ్‌లో ప్లగ్ పాయింట్ దొరికే లోపే అయిపోతుంది. ఆ చార్జర్ బరువు కూడా 2.3కి కలపండి, సుమారు అర కేజీ ఉంటుంది. ఒకటోది యూఎస్‌బీ-సీ 65 వాట్ల చార్జర్ అయితే అదే ఫోన్‌కీ పనికొస్తుంది.

పాలమూరు_పిలగాడు
బరువు ఒప్పుకుంటా. కానీ గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారి లేకుంటె ఇగ ఎప్పటికీ లేనట్టే కదా. స్క్రూడ్రైవర్ అన్న చెప్పిన లెక్కల అది గూడా మారనిదే.

స్క్రూడ్రైవర్
@పాలమూరు_పిలగాడు ఒప్పుకుంటున్నా, మారదు. కానీ ఆ కార్డు ఈ అమ్మాయికి ఎంత అవసరం? కోర్సులో వచ్చే మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లు చిన్న డేటాతో ఉంటాయి, ప్రాసెసర్ మీదే నడుస్తాయి. పెద్దవి చేయాలంటే 6 జీబీ వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) త్వరగా నిండుతుంది, అప్పుడు ఎలాగూ గూగుల్ కోల్యాబ్ లాంటి ఆన్‌లైన్ వాటికి వెళ్లాలి. గేమ్స్, బ్లెండర్ (3డీ సాఫ్ట్‌వేర్), వీడియో ఎడిటింగ్ ఉంటే నేనే రెండోది అంటాను.

గ్రాఫిక్స్ కోసమే కొనేవాళ్లు పేరు చూసి కొనకండి, వాట్లు చూడండి. ఆర్‌టీఎక్స్ 4050 అన్న ఒక్క పేరుతోనే 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా మెషీన్లున్నాయి. సన్నటి బాడీలో తక్కువ వాట్ల కార్డు పెడితే దానికన్నా చిన్న కార్డు ఎక్కువ వాట్లతో దాన్ని దాటేస్తుంది. షాపులో డెమో పీస్ ఉంటే ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్ తెరిచి సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో "మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్" చూడండి.

డిస్‌ప్లే_దాసు
45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీలో అరవై చిల్లర శాతం. ఎరుపు నారింజలా, ముదురు ఆకుపచ్చ వెలిసినట్టు కనపడతాయి. కోడింగ్‌కి రంగులెందుకు అంటారు. రంగుల కన్నా పెద్ద ఇబ్బంది వెలుగు. 250 నిట్స్ మెషీన్ కిటికీ పక్కన పెడితే నల్లటి థీమ్‌లో అక్షరాలు వెతుక్కోవాలి. పూర్తి బ్రైట్‌నెస్‌లో వాడితే బ్యాటరీ ఇంకా తగ్గుతుంది.

16:10 అన్నది కూడా చిన్న విషయం కాదు. 1920×1080 బదులు 1920×1200 అంటే నిలువుగా 120 పిక్సెళ్లు ఎక్కువ, కోడ్‌లో ఐదారు లైన్లు అదనం.

@స్క్రూడ్రైవర్ స్క్రీన్ మారదన్నారు. మారుతుంది, షరతులున్నాయి. 60 హెర్ట్జ్ ఫుల్ హెచ్‌డీ ప్యానెళ్లకు ఎక్కువగా 30 పిన్నుల కనెక్టర్, 144 హెర్ట్జ్‌కి 40 పిన్నులు. పాత కేబుల్ 30 పిన్నులదైతే కొత్త ప్యానెల్ కూడా 30 పిన్నులదే కావాలి. 15.6లో పక్కన చెవులు (స్క్రూ బిగించే పట్టీలు) ఉన్నవి సుమారు 360 మిల్లీమీటర్లు, లేనివి 350. ఆ కొలత, కనెక్టర్ ఉన్న వైపు రెండూ కలవాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో మానిటర్ సెక్షన్లో ప్యానెల్ మోడల్ నంబరు దొరుకుతుంది, దాన్ని బట్టి సరిపడేది వెతకాలి.

స్క్రూడ్రైవర్
@డిస్‌ప్లే_దాసు నిజమే, కానీ బెజెల్ (స్క్రీన్ చుట్టూ ఉండే ఫ్రేము) జిగురుతో అతికించి ఉంటుంది, వారంటీలో ఉన్న మెషీన్‌కి ఆ పని చెప్పలేను. వారంటీ అయిపోయిన వాటికి మంచి పద్ధతి.

కొత్తపేట_కుర్రాడు
మధ్యలో దూరుతున్నా. ఇంట్లో పాతది ఉంది, ఐ5-8250యూ, 4 జీబీ, 1 టీబీ హార్డ్ డిస్కు. తమ్ముడి ఇంటర్‌కి దీన్నే బాగుచేయించనా, కొత్తది కొననా?

లినక్స్_లక్ష్మి
బాగుచేయించండి. 8వ తరం కాబట్టి విండోస్ 11కి అధికారికంగా అర్హమే. 7వ తరం అయితే ఉండేది కాదు, విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ముందు ఎస్‌ఎస్‌డీ, తర్వాత డీడీఆర్4 8 జీబీ స్టిక్కు. హార్డ్ డిస్కు మీద విండోస్ 11 నడపడం హింస.

స్క్రూడ్రైవర్
@కొత్తపేట_కుర్రాడు ఒక జాగ్రత్త. ఆ కాలం మెషీన్లలో ఎం.2 స్లాట్ (సన్నటి ఎస్‌ఎస్‌డీ పెట్టే చోటు) ఉన్నా కొన్నింటిలో అది పాత సాటా రకానికి మాత్రమే, కొత్త ఎన్‌వీఎంఈ రకం పెడితే బయోస్‌లో (విండోస్ కన్నా ముందుండే మెషీన్ సెట్టింగ్స్) కనిపించదు. సర్వీస్ మాన్యువల్ చూసి కొనండి. అనుమానముంటే హార్డ్ డిస్కు స్థానంలో 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ, 7 మిల్లీమీటర్ల మందంది పెట్టండి, కచ్చితంగా పనిచేస్తుంది. వేగం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, అయినా ఆ మెషీన్‌కి అదే కొత్త ప్రాణం. డీవీడీ డ్రైవ్ ఉంటే తీసేసి ఆ చోట్లో పట్టే క్యాడీ అనే ఫ్రేములో పాత హార్డ్ డిస్కు పెట్టుకోవచ్చు. క్యాడీలు 9.5, 12.7 మిల్లీమీటర్లు అని రెండు మందాల్లో వస్తాయి, కొలిచి తీసుకోండి.

గోదారిగట్టు
చాలా విషయాలు తెలిశాయి. ఒక మధ్యస్థం దొరికింది: ఐ5-13420హెచ్, గ్రాఫిక్స్ కార్డు లేదు, 8 జీబీ సోల్డర్ + 8 జీబీ స్లాట్‌లో, 14 అంగుళాలు, 300 నిట్స్, కానీ 45 శాతం ఎన్‌టీఎస్‌సీ, 47 వాట్-అవర్. 64 వేలు. ఇదెలా ఉంటుంది? ఇంకొకటి, రైజెన్ 5 7520యూ 16 జీబీ 45 వేలకే వస్తోంది. 7000 సిరీసే కదా, అంత తక్కువేంటి?

లినక్స్_లక్ష్మి
7520యూలో మూడో అంకె చూడండి, 2. అంటే లోపలుండేది ఏఎండీ వాళ్ల జెన్ 2, 2019 నాటి డిజైన్, నాలుగు కోర్లు. ఆ 7000 సిరీస్‌లో మూడో అంకె 3 అయితే జెన్ 3 (7530యూ, 7535హెచ్‌ఎస్ అలాంటివే), 4 అయితే జెన్ 4 (7640హెచ్‌ఎస్, 7840హెచ్‌ఎస్). మొదటి అంకె సంవత్సరాన్ని చెప్తుంది తప్ప లోపలి డిజైన్‌ని చెప్పదు. ఆఫీసు పనికి 7520యూ పర్లేదు, నాలుగేళ్ల బీటెక్‌కి వద్దు.

ర్యామ్‌బాబు
మధ్యస్థం బాగానే ఉంది. ముందుకెళ్లాక ఆ 8 తీసి 16 వేస్తే 24 అవుతుంది. అప్పుడు మొదటి 16 జీబీ డ్యూయల్ ఛానెల్‌లో (రెండు దారుల్లో ఒకేసారి), మిగిలిన 8 సింగిల్‌లో నడుస్తుంది, పనికి అడ్డేం కాదు. రెండింటి వేగాలు వేరైతే రెండూ తక్కువదాని వేగానికి దిగుతాయి. స్లాట్‌లో ఎంత దాకా తీసుకుంటుందో కంపెనీ స్పెసిఫికేషన్ పీడీఎఫ్‌లో ఉంటుంది. లెనోవోకి పీఎస్‌ఆర్‌ఈఎఫ్ సైటు, హెచ్‌పీకి మెయింటెనెన్స్ అండ్ సర్వీస్ గైడ్, డెల్‌కి సర్వీస్ మాన్యువల్. అమ్మకం పేజీలో "ఎక్స్‌పాండబుల్" అని రాసినా నమ్మకండి, ఆ పీడీఎఫ్‌లో "మెమరీ సోల్డర్డ్, నాట్ అప్‌గ్రేడబుల్" అని ఉంటే అదే చివరి మాట.

డెమో పీస్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ ఒకేసారి నొక్కి, టాస్క్ మేనేజర్ తెరుచుకున్నాక పెర్ఫార్మెన్స్‌లో మెమరీ చూడండి. "ఫామ్ ఫ్యాక్టర్" ఎదురుగా ఎస్‌ఓడిమ్ అంటే స్లాట్, "రో ఆఫ్ చిప్స్" అంటే సోల్డర్. స్లాట్ల సంఖ్య మాత్రం నమ్మకండి, సోల్డర్ మెషీన్లలో కూడా నాలుగు, ఎనిమిది అని చూపిస్తుంది.

పాలమూరు_పిలగాడు
సింగిల్ స్టిక్కు గురించి ఇంకోటి. గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటెల్ మెషీన్‌ల ఒక్కటే స్టిక్కు ఉంటే ప్రాసెసర్‌ల ఉండే గ్రాఫిక్స్ పేరు ఐరిస్ ఎక్స్‌ఈ అని ఉండాల్సింది యూహెచ్‌డీ అని చూపిస్తది. డ్యూయల్ ఛానెల్ లేకుంటె ఆ ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్‌కు కావల్సినంత బ్యాండ్‌విడ్త్ దొరకదు. చాలా మంది మోసపోయినమని షాపుకు పోతరు, అది మోసం కాదు, రెండో స్టిక్కు వేస్తే సరైతది.

పాలిటెక్నిక్_మాస్టారు
ఈ దారం చదివి మెకానికల్, సివిల్ పిల్లల తల్లిదండ్రులు కూడా యూ సిరీసే కొనేస్తారేమో. వాళ్ల లెక్క వేరు. వాళ్లు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లు సాలిడ్‌వర్క్స్, ఈట్యాబ్స్ విండోస్ మీదే నడుస్తాయి, కాబట్టి మ్యాక్‌బుక్ వద్దు. పెద్ద అసెంబ్లీ తిప్పాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి, పిలగాడి మాట అక్కడ నూటికి నూరుపాళ్లు సరి. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ గొప్పగా ఉంటుంది, కానీ అది ఆర్మ్ ప్రాసెసర్, ఇంటెల్, ఏఎండీల రకం కాదు. పాత డ్రైవర్లు, డాంగిల్‌తో నడిచే సాఫ్ట్‌వేర్, ఈసీఈ ల్యాబ్ బోర్డుల టూల్స్ అన్నీ పనిచేస్తాయని ముందే అనుకోకూడదు. కాలేజీ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ జాబితా అడిగి తీసుకుని కొనండి.

డల్లాస్_డబ్బా
ఎంఎస్‌కి అమెరికా వచ్చేవాళ్లు ఇండియాలో కొనాలా, ఇక్కడ కొనాలా అని అడుగుతుంటారు, ఇక్కడే రాసేస్తున్నా. అమెరికాలో బోర్డు మీద రాసిన ధరకి సేల్స్ ట్యాక్స్ పైన పడుతుంది. డల్లాస్‌లో 8.25 శాతం, ఆరెగాన్‌లో అసలు లేదు. ఇండియాలో ఎమ్మార్పీలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, కాబట్టి రెండు ధరలూ పక్కపక్కన పెట్టేటప్పుడు ట్యాక్స్ కలిపాకే పెట్టండి. కీబోర్డు రెండు చోట్లా దాదాపు ఒకటే. చార్జర్ మీద 100-240 వోల్టులు అని ఉంటే గోడకి పెట్టే తీగ మార్చుకుంటే చాలు, మూడు గుండ్రాల "మిక్కీ మౌస్" కేబుల్ ఎక్కడైనా దొరుకుతుంది. తేడా వచ్చేది వారంటీలో. కొన్ని మోడళ్లకి ప్రపంచమంతా, కొన్నింటికి కొన్న దేశంలోనే. సీరియల్ నంబరు కంపెనీ సైట్‌లో కొడితే తెలుస్తుంది. ఇక్కణ్నుంచి ఇండియాకి తెచ్చుకునేవాళ్లు: 18 ఏళ్లు నిండినవాళ్లు ఒక ల్యాప్‌టాప్ కస్టమ్స్ కట్టకుండా తెచ్చుకోవచ్చు.

హాస్టల్_నైట్
@గోదారిగట్టు మధ్యస్థం కన్నా ఒకటోదే మేలు. హెచ్ ప్రాసెసర్‌కి 47 వాట్-అవర్ తక్కువ. రంగులు కూడా పోతున్నాయి. రెండు వేలే కదా తేడా.

ర్యామ్‌బాబు
@హాస్టల్_నైట్ బ్యాటరీ రెండు మూడేళ్లకి ఎలాగూ మార్చాల్సిందే. ర్యామ్ మార్చే వీలు లేకపోతే మార్చలేరు. నా ఓటు మధ్యస్థానికి.

స్క్రూడ్రైవర్
మార్చినా అదే 47 వాట్-అవర్‌దే వస్తుంది కదా ర్యామ్‌బాబు గారూ, పెద్దది అందులో పట్టదు.

సోల్డర్ ర్యామ్‌తో అందరూ "పెంచలేం" అని భయపడతారు. నేను భయపడేది రిపేరుకి. స్లాట్‌లో ఉన్న స్టిక్కు పాడైతే ఒక్క స్టిక్కు మార్చి వెళ్లిపోతాం. సోల్డర్ చిప్పు పాడైతే సర్వీస్ సెంటర్ మదర్‌బోర్డు మొత్తం మారుస్తుంది. వారంటీ దాటాక ఆ బిల్లు చూస్తే కొత్త మెషీనే నయమనిపించేంత ఉంటుంది. అందుకే సోల్డర్ మెషీన్ కొనేవాళ్లు వారంటీ మీద కక్కుర్తి పడకూడదు. 66కి మూడేళ్ల వారంటీ కలిపి 70 లోపు వస్తే అదే మంచి ఖర్చు. ఆన్‌సైట్ వారంటీనా (వాళ్లే ఇంటికొచ్చి చేసేది), క్యారీ-ఇన్ వారంటీనా (మనమే తీసుకెళ్లేది) అన్నది కాగితం మీద చూడండి. హైదరాబాద్‌లో అయితే క్యారీ-ఇన్ ఉన్నా నడుస్తుంది, తణుకులో ఉంటే ఆన్‌సైట్ లేకుండా కష్టం. హాస్టల్ కాబట్టి నీళ్లు ఒలకడం, కింద పడటం కవర్ చేసే యాక్సిడెంటల్ డ్యామేజ్ ప్లాన్ కూడా అడగండి. మామూలు ఎక్స్‌టెండెడ్ వారంటీలో అవి రావు. ఈ ప్లాన్లు కంపెనీ సైట్‌లోనే కొనండి, షాపు సొంత వారంటీ వద్దు.

పాలమూరు_పిలగాడు
సరే, గేమ్స్ లేకుంటె నేను గూడా ఒకటోదానికే వస్తా. కానీ ఎస్‌ఎస్‌డీ గురించి అడుగు. 512 నిండినంక ఎట్ల?

గోదారిగట్టు
అదే అడగబోతున్నా. షాపులో కొన్నరోజే 1 టీబీ వేసిస్తాం, డబ్బు తేడా కట్టండి అంటున్నారు. వేయించనా? గేమ్స్ లేవు, వీడియో ఎడిటింగ్ లేదు.

స్క్రూడ్రైవర్
వద్దు. మొదటి రెండేళ్లు 512 నిండదు, ఈ లోపు ధరలు ఎటు పోతాయో చూసి వేసుకోవచ్చు. షాపులో వేసేది ఏ బ్రాండో, చిప్పుల రకం టీఎల్‌సీనో క్యూఎల్‌సీనో చెప్పరు. క్యూఎల్‌సీ చవక, కాష్ (వేగంగా రాసుకునే చిన్న భాగం) నిండాక పెద్ద ఫైళ్లు రాసేటప్పుడు వేగం బాగా పడిపోతుంది. పైగా మీ అసలు ఎస్‌ఎస్‌డీ వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

తర్వాత మీరే వేసుకునేటప్పుడు:

పొడవు చూడండి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. సన్నటి మెషీన్లు కొన్నింటిలో 2242 మాత్రమే పడుతుంది. 2280 కొని తెస్తే స్క్రూ బిగించే చోటు ఉండదు. మెషీన్ స్లాట్ పీసీఐఈ నాలుగో తరం అయితే నాలుగో తరం ఎస్‌ఎస్‌డీ కొనండి, మూడో తరం పెట్టినా పనిచేస్తుంది. సెకనుకి 3500కీ 7000 ఎంబీకీ తేడా రోజువారీ పనిలో కనిపించదు.

విప్పే ముందు డివైస్ ఎన్‌క్రిప్షన్ (ఎస్‌ఎస్‌డీలో డేటాకి వేసే తాళం) చూడండి. కొత్త విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే అది దానంతటదే ఆన్ అవుతుంది. రికవరీ కీ ఆ అకౌంట్‌లో సేవ్ అయి ఉంటుంది, కాగితం మీద రాసిపెట్టుకోండి. క్లోన్ చేయాలంటే (పాతది ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ) ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్ట్ పూర్తయ్యే దాకా ఆగి, కొత్త ఎస్‌ఎస్‌డీని యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి క్లోన్‌జిల్లాతో చేయండి. నేనైతే విండోస్ ఫ్రెష్‌గా వేసుకోమంటాను, 8 జీబీ పెన్‌డ్రైవ్, మీడియా క్రియేషన్ టూల్ చాలు. విండోస్ లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, నెట్ తగిలించగానే యాక్టివేట్ అవుతుంది.

ఇక్కడ అందరూ ఆగిపోయే చోటొకటుంది. 11వ తరం నుంచి చాలా ఇంటెల్ మెషీన్లలో విండోస్ సెటప్‌కి ఎస్‌ఎస్‌డీ కనిపించదు, "డ్రైవ్ లేదు" అంటుంది. ఎస్‌ఎస్‌డీ పాడవలేదు. బయోస్‌లో వీఎండీ అనే ఇంటెల్ స్టోరేజ్ సెట్టింగ్ ఆన్‌లో ఉండటమే కారణం. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టి "లోడ్ డ్రైవర్" నొక్కండి. వీఎండీ ఆఫ్ చేసినా కనిపిస్తుంది, కానీ అప్పటికే నడుస్తున్న విండోస్ ఉన్న మెషీన్‌లో ఆఫ్ చేస్తే ఆ విండోస్ బూట్ అవ్వదు.

ర్యామ్‌బాబు
స్లాట్ మెషీన్ కొనేవాళ్ల కోసం ర్యామ్ వేసే పద్ధతి కూడా రాస్తున్నా, దారంలో ఉంటుంది. షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి, లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. చార్జర్ తీయండి. అడుగు స్క్రూలు పీహెచ్0 (చిన్న ప్లస్ మొన) బిట్‌తో వస్తాయి, కొన్ని రబ్బరు కాళ్ల కింద దాగి ఉంటాయి. పొడవులు వేరు, ఏ స్క్రూ ఎక్కడిదో అదే వరుసలో కాగితం మీద పెట్టుకోండి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే పైన కీబోర్డు దగ్గర ఉబ్బుతుంది. కవర్‌ని ప్లాస్టిక్ కార్డుతో హింజ్ వైపు నుంచి లేపండి. లోపల మొదటి పని బ్యాటరీ కనెక్టర్ పీకడం. స్టిక్కుని 30 డిగ్రీల వాలుగా పెట్టి, బంగారు రంగు గీత కనపడనంత లోపలికి తోసి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు పడతాయి. డీడీఆర్4కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262, గాటు ఉండే చోటు వేరు, బలవంతంగా దూర్చకండి.

డీడీఆర్5 మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనే ఉండొచ్చు. అది మెమరీ ట్రైనింగ్, కొత్త ర్యామ్‌ని మెషీన్ సరిచూసుకోవడం. కంగారుపడి పవర్ బటన్ నొక్కి ఆపేస్తే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అలాగే వదిలేయండి.

కొత్తపేట_కుర్రాడు
విప్పితే వారంటీ పోదా?

స్క్రూడ్రైవర్
చాలా కంపెనీలకి విప్పినంత మాత్రాన పోదు, విప్పేటప్పుడు విరగ్గొట్టింది కవర్ కాదు. స్క్రూ మీద సీల్ స్టిక్కర్ ఉంటే ముందు కంపెనీ చాట్‌లో అడిగి జవాబు స్క్రీన్‌షాట్ దాచుకోండి.

గోదారిగట్టు
ఇంట్లో మాట్లాడాం. ఒకటోదే, మూడేళ్ల వారంటీ, యాక్సిడెంటల్ ప్లాన్ కలిపి. మొత్తం 71,500 అవుతోంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్తున్నాం, ఆన్‌లైన్ ధరకే ఇస్తామన్నారు. పెట్టె విప్పాక అక్కడే ఏమేం చూసుకోవాలి?

లినక్స్_లక్ష్మి
పెట్టె మీది సీరియల్ నంబరు, మెషీన్ అడుగున ఉన్నది, జీఎస్టీ బిల్లు మీద ఉన్నది, మూడూ ఒకటే ఉండాలి. ఆ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పటి నుంచి మొదలైందో చూడండి. నెలల ముందే మొదలై ఉంటే బిల్లు చూపించి సరిచేయించుకోవచ్చు, కానీ ఆ పని షాపువాళ్లతోనే చేయించండి.

మోడల్ నంబరు చివరి అక్షరాలతో సహా చూడండి. ఒకే పేరుతో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ స్క్రీన్, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ స్క్రీన్ రెండు రకాలూ వస్తాయి. చివరి మూడు నాలుగు అక్షరాల్లోనే తేడా.

డిస్‌ప్లే_దాసు
స్క్రీన్‌ని పూర్తి తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం పెట్టి చూడండి, పాడైన చుక్కలుంటే కనపడతాయి. నల్లటి స్క్రీన్‌లో మూలల నుంచి వెలుతురు మరీ కారుతుందా చూడండి. మూత నాలుగైదుసార్లు తెరిచి మూయండి, హింజ్ దగ్గర కిర్రుమనకూడదు.

హాస్టల్_నైట్
కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని కలిపి రాయండి. ఒక ఫైల్ వస్తుంది. డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ దగ్గర దగ్గరగా ఉండాలి, సైకిల్ కౌంట్ సున్నా, ఒకటి అలా ఉండాలి. ఇరవై ముప్పై ఉంటే అది డెమో పీస్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఎస్‌డీ పవర్-ఆన్ గంటలు కూడా అంతే. ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి, యూఎస్‌బీ-సీలో చార్జర్ కూడా.

పాలిటెక్నిక్_మాస్టారు
ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కలిపి ఇస్తే అది ఏడాది చందా 365నా, శాశ్వత లైసెన్సు ఆఫీస్ హోమ్ 2024నా అని అడగండి. ఏదైనా చెల్లెలి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తోనే యాక్టివేట్ చేయించండి, షాపులో కుర్రాడి అకౌంట్‌తో కాదు. దానికి గడువుంటుంది, ఇంటికెళ్లాక ఎప్పుడో చేద్దాంలే అనుకోవద్దు.

గోదారిగట్టు
బ్యాటరీ చార్జింగ్ 80 శాతం దగ్గర ఆపాలంటారు, హాస్టల్లో రోజంతా ప్లగ్‌లోనే ఉంటుంది. అది విండోస్‌లోనా, వేరే చోటా?

హాస్టల్_నైట్
కంపెనీ సొంత యాప్‌లో ఉంటుంది, కొన్నింటిలో బయోస్‌లో. బ్యాటరీ కేర్, కన్జర్వేషన్ మోడ్, చార్జ్ లిమిట్ అని రకరకాల పేర్లు. రోజంతా ప్లగ్‌లో ఉంటే ఆన్ చేయండి, నిండా చార్జ్‌లో వేడి మీద ఉంచితే సెల్స్ త్వరగా అరుగుతాయి. పరీక్షలప్పుడో ప్రయాణానికో ముందు రోజు ఆఫ్ చేసి వంద దాకా నింపుకోవచ్చు. మంచం మీద, దుప్పటి మీద పెట్టి వాడొద్దని కూడా చెప్పండి, గాలి లోపలికెళ్లే రంధ్రాలు అడుగునే ఉంటాయి.